యంత్రకళానిపుణుడు జి. డి. నాయుడు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల పల్లెలలో కె. సి. కాలువ నీరు పారెడి పొలములు కొన్ని. బావినీటిని నమ్ముకొన్న పొలములు మరికొన్ని. పూర్వము బావినీరు పొలమున కెక్కవలెనన్నచో కపిల తోలుటయే గతి. రైతు తెల్లవారకముందే ఎద్దులను కట్టి, బావియొద్ది వాలులో ముందునకును వెనుకకును నడపుచు, తోలుబానతో నీరు తోడుచుండెడివాడు. పొద్దెక్కువరకు ఎద్దులును మనిషియు అలసినను తడియు నేల కొలదియే. నేడో, మీట నొక్కినంతనే మోటారు తిరుగును. నీరు కాలువ కట్టి పారును. మోటారు కాలిపోయినచో రైతు దానిని బండిపై వేసికొని నంద్యాలకో ఆళ్లగడ్డకో తెచ్చి, వైండింగు దుకాణమున కొత్త రాగితీగ చుట్టించుకొని, మరల బావియొద్ద బిగించుకొనును.

ఇది నేడు ఎవ్వరికిని వింతగా తోచదు. కాని నూరేండ్లకు పూర్వము విద్యుత్తుమోటా రనగా ఓడలపై విదేశములనుండి రావలసిన వస్తువు. దాని వెల విదేశీయులు నిర్ణయించినదే. దాని మర్మము విదేశీయులకు తెలిసినదే. అట్టి యంత్రమును భారతీయులు స్వహస్తములతో నిర్మింపగలరని 1937వ సంవత్సరమున నిరూపించినవారిలో ముఖ్యుడు కోయంబత్తూరు వాసియగు జి. డి. నాయుడు. ప్రాథమికపాఠశాల చదువునైనను సరిగా సాగింపని ఒక రైతుబిడ్డ ఇట్టి కార్యము నెట్లు సాధించెనో తెలిసికొనదగినది.

నాయుని పూర్తిపేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. ఆయన 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమునగల కలంగల్ అను గ్రామమున జన్మించెను. విజయనగరరాజుల కాలమునను, పిదప నాయకరాజుల కాలమునను అనేక తెలుగు కుటుంబములు దక్షిణమునకు వలసపోయెను. వానిలో కొన్ని కోయంబత్తూరు ప్రాంతపు నల్లరేగడి నేలలలో సేద్యము చేసికొనుచు స్థిరపడెను. ఇంట తెలుగును, వీధిలో తమిళమును మాటాడుచు ఆ కుటుంబములు తరతరములుగా అచ్చట జీవించుచున్నవి. అట్టి రైతుకుటుంబములలో నొకటి నాయునిది.

బాలుడగు నాయునకు బడి గిట్టలేదు. ఒకచోట కుదురుగా కూర్చుండి వల్లెవేయుట ఆతనికి శిక్షగా తోచెను. అల్లరి మిక్కుటమయ్యెను, చదువు ప్రాథమికదశయందే ఆగిపోయెను. తండ్రి ఆతనిని పొలము పనులలో నియోగించెను. ఆ పల్లెలో ఆ బాలుని భవిష్యత్తునుగూర్చి గొప్పగా తలచినవారు ఎక్కువమంది యుండి యుండరు. అయినను ఆ బాలునియందు ఒక విశేష గుణ ముండెను. కదలు వస్తువును చూచినచో అది ఏల కదలుచున్నదో తెలిసికొనువరకు ఆతని మనస్సు నెమ్మది పొందకుండెను.

ఒకనా డొక ఆంగ్లేయాధికారి మోటారుసైకిలుపై ఆ ప్రాంతమునకు వచ్చెను. గుఱ్ఱము లేదు, ఎద్దు లేదు, త్రొక్కు మనిషియు లేడు. అయినను బండి పరుగెత్తుచున్నది. ఊరివారు దానిని చూచి ఆశ్చర్యపడి, తమ పనులకు తాము పోయిరి. నాయుడు మాత్రము ఆ ఆశ్చర్యమును మనస్సునుండి తొలగించుకొనలేకపోయెను. ఆ బండిని తాను సంపాదింపవలెను. దాని లోపల నేమున్నదో చూడవలెను. ఈ కోరిక ఆతని నిలువనీయలేదు.

కోరిక గలుగుట సులభము. ధనము గలుగుట కష్టము. నాయుడు కోయంబత్తూరు చేరి, ఒక హోటలునందు వడ్డనపనికి కుదిరెను. వచ్చినవారికి అన్నము వడ్డించుచు, ఎంగిలి తీయుచు, జీతపు డబ్బును పైసపైసగా కూడబెట్టెను. భూమిగల రైతుబిడ్డ పరులకు వడ్డించుట ఆ దినములలో గౌరవమని ఎవ్వరును ఎంచకుండిరి. నాయుడు ఆ మాటను లెక్కచేయలేదు. చాలినంత ధనము చేకూరిన పిమ్మట ఆయన ఆ అధికారియొద్దనే ఆ మోటారుసైకిలును కొనెను.

మరియొక యువకుడైనచో దానిపై నెక్కి ఊరూర తిరిగి తన వైభవము చాటుకొనెడివాడు. నాయుడు దానిని విప్పెను. మరలు, బిళ్లలు, గొట్టములు, చక్రములు ఒక్కొక్కటిగా ఊడదీసి వరుసగా పేర్చెను. ఏ భాగము దేనిని కదలించుచున్నది, ఏది లేనిచో ఏది నిలిచిపోవును అను సంగతులను పరిశీలించి, మరల అన్నిటిని యథాస్థానమున బిగించెను. నేర్పు గురువు లేడు. చెప్పు పుస్తకము లేదు. విప్పిన యంత్రమే ఆతనికి పుస్తకము, బిగించిన యంత్రము నడచుటయే పరీక్షలో ఉత్తీర్ణత. పాఠశాలలో దొరకని ఓర్పు ఆ ఇనుపముక్కల నడుమ ఆతనికి అలవడెను. అట్లు ఆయన యంత్రములను బాగుచేయు పనివా డయ్యెను.

జీవితము ఆయనకు తిన్నని బాటగా నడువలేదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ప్రత్తివ్యాపారము సాగించి ధనము గడించెను. పిదప బొంబాయినగరమున అదే వ్యాపారమున గడించినదంతయు పోగొట్టుకొనెను. రిక్తహస్తములతో కోయంబత్తూరునకు తిరిగివచ్చి, మరల యంత్రముల పనికే పూనుకొనెను. ఆ నగరమున ప్రసిద్ధ పారిశ్రామికుడగు స్టేన్సు అను ఆంగ్లేయుడు ఆతని నైపుణ్యమును గుర్తించి, ఒక బస్సు కొనుటకు సహాయపడెను. 1920వ సంవత్సరమున నాయుడు పొల్లాచి, పళని పట్టణముల నడుమ ఆ బస్సును నడపనారంభించెను.

ఒక్క బస్సుతో మొదలైన ఆ వృత్తి క్రమముగా యూనివర్సల్ మోటార్ సర్వీసు అను గొప్ప సంస్థగా పెరిగెను. దేశమునగల ప్రయాణసాధనములలో మిక్కిలి చక్కగా నడచు వానిలో నొకటియని దానికి పేరు వచ్చెను. కారణము స్పష్టము. ఇతర యజమానులు బండి చెడినపుడు మాత్రమే దాని లోపలికి చూచెడివారు. నాయుడు చెడకముందే చూచెడివాడు. ఏ బస్సు ఎచ్చట ఆగెను, ఏ భాగము ఎన్ని దినములకు అరిగెను అను విషయములయందు ఆయన దృష్టి సర్వదా నిలిచియుండెను. బస్సుల మరమ్మతుకై ఏర్పడిన పనిశాల కొత్తయంత్రములు పుట్టు ప్రయోగశాల యయ్యెను.

1930వ సంవత్సరమునకు తరువాతి దశాబ్దమున నాయుడు విదేశయాత్రలు చేసెను. ఇంగ్లండు, జర్మనీ మొదలగు దేశములలోని కర్మాగారములను ఆయన ఆసక్తితో దర్శించెను. ఛాయాచిత్రకళయందును ఆయనకు మక్కువ మెండు. 1936వ సంవత్సరమున లండనునగరమున ఐదవ జార్జిచక్రవర్తి అంత్యయాత్రను ఆయన స్వయముగా చలనచిత్రముగా తీసెను. గాంధీమహాత్ముడు, జవాహర్‌లాల్ నెహ్రూ, సుభాస్ చంద్రబోసు మొదలగు నాయకుల చిత్రములను కూడ ఆయన తీసెను.

యాత్రలనుండి వచ్చినవారు సాధారణముగా వింతవస్తువులు తెత్తురు. నాయుడు ఆలోచనలు తెచ్చెను. చిన్న మోటారుతో, ఘటముల విద్యుత్తుతో నడచు క్షురయంత్రము, మిక్కిలి పలుచని క్షురపు బ్లేడులు, కిరసనాయిలుతో తిరుగు ఫంకా, పండ్లరసము తీయు యంత్రము, మోసమునకు తావీయక ఓట్లు నమోదుచేయు యంత్రము మొదలగు అనేక వస్తువులను ఆయన రూపొందించెను. విద్యుత్తు లేని ఇంట కూడ గాలి వీవవలెనని కిరసనాయిలు ఫంకాను నిర్మించుటలో ఆయన దృష్టి తెలియుచున్నది. యంత్రము ధనవంతుని ఇంటికి అలంకారముగా నుండక, సామాన్యుని శ్రమను తగ్గింపవలెనని ఆయన తలంపు.

ఆ కాలమునందే నీలగిరులలోని పైకారా జలవిద్యుత్కేంద్రమునుండి కోయంబత్తూరునకు విద్యుత్తు రాసాగెను. నూలుమిల్లులు పెరిగెను. బావులయందు పంపులు పెట్టుకొనవలెనని రైతులకు ఆశ పుట్టెను. తీగలలో విద్యుత్తు వచ్చినది. నేలలో నీరు ఉన్నది. ఈ రెంటిని కలుపవలసిన మోటారు మాత్రము సముద్రములకు ఆవల నున్నది. దానిని ఇచ్చటనే చేసినగాని ఆ నీరు సామాన్యరైతు పొలమునకు రాదు.

మోటారు బయటికి సులభముగా కనబడును. నిర్మించుట సులభము కాదు. దానియందు కదలని భాగమొకటి, తిరుగు భాగమొకటి ఉండును. కదలని భాగమును స్టేటరు అందురు. తిరుగు భాగమును రోటారు అందురు. స్టేటరును పలుచని ఉక్కురేకులు పేర్చి చేయుదురు. ఒక రేకునకును మరియొక రేకునకును నడుమ విద్యుత్తు పారకుండ పూత పూయుదురు; లేనిచో శక్తి వేడిగా మారి వృథాయగును. రేకులలోని గాడులయందు పూతగల రాగితీగను చుట్టుదురు. ఆ చుట్టలలో విద్యుత్తు ప్రవహించినపుడు అయస్కాంతశక్తి పుట్టి, వలయముగా తిరుగును. ఆ శక్తివెంట రోటారు తిరుగును. స్టేటరునకును రోటారునకును నడుమ గోటిమందమంత సందు మాత్రమే యుండును. ఇరుసు కొంచెము వంగినను రెండును రాచుకొనును. తీగపై పూత ఒక్కచోట లేచినను చుట్ట కాలిపోవును. మంచి రేకు, మంచి తీగ, మంచి పూత, కొలత తప్పని చేయి ఇవియన్నియు ఒక్కచోట చేరవలెను.

నాయుడు ఈ కార్యమున డి. బాలసుందరము నాయుడు అను నిపుణునితో కలసి పనిచేసెను. కోయంబత్తూరు చెంతనున్న పీలమేడునందు నాయుడు స్థాపించిన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అను కర్మాగారమునుండి 1937వ సంవత్సరమున భారతదేశపు మొదటి విద్యుత్తుమోటారు వెలువడెను. బాలసుందరము నాయుడు అటుపిమ్మట టెక్స్‌టూల్ అను ప్రసిద్ధ యంత్రనిర్మాణసంస్థను నెలకొల్పెను.

ఒక మోటారు తిరిగినంతమాత్రమున దేశము మారునా యని సందేహము కలుగవచ్చును. ఆ మోటారుతో పాటు దానిని చేయ నేర్చిన చేతులు కూడ తయారైనవి. ఒకనియొద్ద పని నేర్చినవాడు మరియొకనికి నేర్పెను. ఒక కర్మాగారమునుండి పది పనిశాలలు పుట్టెను. కోయంబత్తూరు మోటార్లకును పంపులకును దేశమంతట ప్రసిద్ధిగాంచి, పంపుల నగర మని పేరు పొందెను. రాయలసీమ పొలములలో తిరుగు మోటార్ల పేరుపలకలను చదివినచో, కోయంబత్తూరు పేరు పలుమారు కనబడును.

మోటారునందు మరియొక చమత్కారము కలదు. విద్యుత్తు నిచ్చినచో అది తిరుగును. దానియందు అయస్కాంతము లుండగా బయటినుండి త్రిప్పినచో అది విద్యుత్తు నిచ్చును. ఈ సూత్రము నెరిగిన ఔత్సాహికులు లోకమున అనేకచోట్ల పాతసామానుల దుకాణమునుండి చెడిన మోటారును తెచ్చి, రోటారునందు బలమైన అయస్కాంతములు బిగించి, ఇరుసునకు చెక్కరెక్కలు తగిలించి, ఎత్తైన స్తంభముపై నిలిపి గాలిమరలు చేసికొనుచున్నారు. గాలి వీచినపుడు రెక్కలు తిరిగి, ఆ పాతమోటారే విద్యుత్తును పుట్టించి దీపము వెలిగించును. కోయంబత్తూరునకు పడమట పాలక్కాడు కనుమనుండి వీచు బలమైన గాలిలో నేడు గొప్ప గాలిమరలు వరుసలుగా తిరుగుచున్నవి. కర్నూలు, అనంతపురము ప్రాంతముల గుట్టలపైనను అట్టివి కలవు. వాని నెత్తిన నున్న యంత్రమును విప్పిచూచినచో లోపల కానవచ్చునవి ఉక్కురేకులును, రాగిచుట్టలును, తిరుగు రోటారునే. ఒక యంత్రపు మర్మమును పూర్తిగా గ్రహించినవానికి దానిచేత రెండవ పని చేయించుట కూడ తెలియును. ఇట్టి పనులు చేయగోరు బాలురు పెద్దల సన్నిధిని, విద్యుత్తు తగులని స్థితిలోనే యంత్రములను విప్పవలెను. నాయుని సాహసమునకు వెనుక జాగ్రత్త కూడ నుండెను.

నాయుని ప్రయత్నములన్నియు ఫలింపలేదు. 1941వ సంవత్సరమున, రేడియోలు విదేశములనుండి వచ్చి ధనవంతుల ఇండ్లకే పరిమితమైయున్న కాలమున, ఐదు వాల్వుల రేడియోను డెబ్బది రూపాయలకే ఈ దేశమున చేయగలనని ఆయన ప్రకటించెను. 1952వ సంవత్సరమున ఇద్దరు కూర్చుండదగిన చిన్నకారును రెండువేల రూపాయల వెలకు అందింపదగినట్లు సిద్ధపరచెను. కాని దానిని పెద్దయెత్తున ఉత్పత్తిచేయుటకు ప్రభుత్వానుమతి లభింపలేదు. సామాన్యునికి అందవలసిన ఆ బండి నమూనాగానే నిలిచిపోయెను. ఇది ఆయనకు తీరని బాధ కలిగించెను. నిర్మించుటకు చేతులును, బుద్ధియు ఉన్నను, కాగితముపై సంతకము లేనిచో వస్తువు ప్రజలకు చేరదు. స్వాతంత్ర్యానంతరము కొత్తగా లేచుచున్న దేశమున ఇట్టి అవకాశములు జారిపోవుట శోచనీయము.

చదువును తాను విడిచినను, నాయుడు చదువునకు విరోధి కాడు. 1945వ సంవత్సరమున కోయంబత్తూరునందు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్కును, ఇంజనీరింగు కళాశాలయు నెలకొనుటకు ఆయన కృషియు, విరాళములును ముఖ్యకారణములు. పట్టాలేని ఆయనయే అచ్చట ప్రిన్సిపాలుగా పనిచేసెను. ఇంజనీరింగునకు నాలుగేండ్లు అక్కరలేదనియు, చేతిపనిని ముందుంచి బోధించినచో రెండేండ్లలో విద్యార్థిని నిపుణుని చేయవచ్చుననియు ఆయన అభిప్రాయము. ప్రభుత్వము దీనికి సమ్మతింపలేదు. తన మతమును మార్చుకొనలేక ఆయన ఆ పదవిని విడిచెను. ఆ కళాశాల పిమ్మట స్థలము మారి, ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా ప్రసిద్ధి కెక్కెను. నాలుగేండ్లా, రెండేండ్లా యను వివాదమున ఎవరి పక్షము సరియైనదో పెద్దలు వేరువేరుగా చెప్పుదురు. పుస్తకమున చదివిన సూత్రము చేతిలోనికి దిగవలెనను ఆయన మాటను మాత్రము కాదనువారు లేరు.

1944వ సంవత్సరమున నాయుడు తన మోటారు వ్యాపారముల నిర్వహణనుండి విరమించి, పరిశోధనకును, పరోపకారమునకును ఎక్కువ కాలము వినియోగించెను. రైతు రక్తము ఆయనను పొలమువైపునకు కూడ లాగెను. పదియడుగుల ఎత్తుగల ప్రత్తిమొక్కలను ఆయన పెంచెను. మొక్కజొన్న, బొప్పాయి మొదలగు వానిపైనను ప్రయోగములు చేసెను. మొక్కను చూచుటలోను ఆయనది యంత్రమును చూచిన కన్నే: ఇది ఇట్లేల యున్నది, వేరొకరీతిగా ఏల ఉండరాదు అను ప్రశ్నయే ఆయనను నడపెను. పనిచేయు యువకులకు శిక్షణ నిచ్చుటకును, యంత్రములను ప్రజలకు చూపుటకును ఆయన ధర్మసంస్థను స్థాపించి, కోయంబత్తూరునందు పారిశ్రామిక ప్రదర్శనశాలను ఏర్పరచెను.

1974 జనవరి 4వ తేదీన నాయుడు స్వర్గస్థుడయ్యెను. ఆయన సేకరించిన, నిర్మించిన వస్తువులు కోయంబత్తూరునందలి ప్రదర్శనశాలలో నేటికిని ఉన్నవి. ఆ నగరమున అవినాశి మార్గముపై నిర్మించిన సుమారు 10 కిలోమీటర్ల పైవంతెనకు 2025వ సంవత్సరమున ఆయన పేరు పెట్టిరి. ఒకప్పుడు తన బస్సు నడపిన నేలపై ఆయన పేరు ఇట్లు నిలిచినది.

నాయుని చరిత్రను చదివి, బడి మానుటయే గొప్పవాడగుటకు మార్గమని ఎవ్వరును భ్రమపడరాదు. ఆయన బడి మానెను గాని నేర్చుకొనుట మానలేదు. హోటలులో వడ్డించు దినములలోను, సర్వస్వము పోగొట్టుకొన్న దినములలోను, కీర్తి వచ్చిన దినములలోను ఆయన విద్యార్థియే. ఆ విద్యార్థిత్వమునకు ఒక మోటారుసైకిలు ప్రథమపాఠ మయ్యెను. దేశపు మొదటి మోటారు పెద్దపరీక్ష యయ్యెను. చెడిన వస్తువును పారవేయుటకు ముందు, అది ఏల చెడెనని ఒక్కసారి చూచువాడు లోకమునకు ఏదో ఒకనాడు ఉపయోగపడును. పల్లెలోని పాతయినుము కుప్పయందును, పట్టణములోని వైండింగు దుకాణపు మూలయందును అట్టి పాఠములు ఎన్నియో పడియున్నవి. చదువుటకు కన్నులును, విప్పుటకు ఓర్పును, మరల బిగించుటకు శ్రద్ధయు ఉన్న బాలబాలికలకై అవి వేచియున్నవి.